మర్యాదగా మెచ్చుకున్న సినిమా

మా చెల్లెకు పెళ్లిచూపులు జరగలేదు. వాటి బదులు మ్యాట్నీ జరిగింది.

మా చెల్లె గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడే పక్క సెక్షన్‌లో ఉన్న అబ్బాయిని చేసుకుంటానని ఒకరోజు పప్పులో నెయ్యి వేసుకుంటూ చెప్పింది. అబ్బాయి వాళ్లు సికింద్రాబాద్ క్రైస్తవులు. మాది ఆబిడ్స్ వెనక సందు. పొద్దున పూజగదిలో గంట మోగితే తప్ప మా ఇంట్లో చాయ్ దిగదు. వాళ్లు మా ఇంటికొస్తే ప్రసాదం పెట్టాలా, పెడితే ఏమనుకుంటారు, పెట్టకపోతే ఏమనుకుంటారు అని మా అమ్మకు బెంగ. మేము వాళ్లింటికి వెళ్తే భోజనానికి ముందు ప్రార్థన చేసుకోవాలా, మమ్మల్ని కూడా కళ్లు మూసుకోమనాలా అని అక్కడి అమ్మకు బెంగట.

ఇంత బెంగలోనూ రెండిళ్లలో ఎవరూ మతం మాట ఎత్తలేదు. చదువుకున్న కుటుంబాలు మరి. మా సోఫా మరీ చిన్నగున్నదని మా బాపు అన్నాడు. వాళ్ల గల్లీలో ఆటో తిరగదని అబ్బాయి వాళ్ల నాన్న అన్నాడట. సోఫా, గల్లీ కలిసి ఆ సంబంధాన్ని చాలాకాలం ఆపాయి.

చివరికి చెల్లెకే ఉపాయం తోచింది.

"సినిమాకు పోదం. అందరం. చీకట్ల కూసుంటరు, ఎవ్వరు ఎవ్వరితోని మాట్లాడే పని లేదు. అయిపోయినంక మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీం తింటరు. నోట్ల ఐస్‌క్రీం ఉంటే తప్పు మాట రాదు. గింతకన్న సేఫ్ జాగ ఏడున్నదన్నా?"

నాకూ దొరకలేదు. నా పెళ్లి విషయం మా ఇంట్లోవాళ్లు ఇంటర్వెల్‌కే లేచి వెళ్లిపోయిన సినిమా లాంటిది, కాబట్టి ఈ విషయాల్లో నన్ను సలహా అడిగినందుకే సంతోషించాను.

సినిమాను వాళ్లిద్దరే ఫోన్‌లో ఎంచారు. పోస్టర్ మీద ఒక కుటుంబం మొత్తం డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని నవ్వుతోంది. కుటుంబమంతా చూడదగ్గ వినోదం అని కింద రాసి ఉంది. ఇంకేం కావాలి. అయితే మా బాపును ఇంట్లోంచి కదిలించడం కష్టం కనక, చెల్లె ఒక చిన్న మాట కలిపింది: "వాళ్లు ఏరికోరి గీ సినిమానే చూస్తమన్నరు బాపూ." అదే సాయంత్రం సికింద్రాబాద్‌లో ఆ అబ్బాయి కూడా అచ్చం అదే మాట కలిపాడు: "వాళ్లకు ఈ సినిమానే చూడాలని ఉన్నదట డాడీ." ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఆలోచనలు కలుస్తాయి.

ఆదివారం మధ్యాహ్నం థియేటర్ మెట్ల మీద రెండు కుటుంబాలూ కలిశాయి. అబ్బాయి వాళ్ల నాన్న రైల్వే ఆఫీసులో రిటైరయ్యాడు. మెదక్ మనిషి. నిలబడితే రైలు కోసం నిలబడ్డట్టే ఉంటాడు. వాళ్ల అమ్మ టీచరు, ఆంధ్రా వైపు ఆవిడ. ప్రతి మాట చివరా "అండి" తగిలించి, ఎదుటివాడు దాన్ని సరిగ్గా అందుకున్నాడో లేదో చూస్తుంది. మా బాపుకు కళ్లద్దాల షాపు. ఎవరినైనా ముందు ఫ్రేమ్ చూసి తర్వాత మొహం చూస్తాడు. బాపు ఆయన ఫ్రేమ్ చూశాడు, ఆయన బాపు వాచీ చూశాడు, ఇద్దరూ "నమస్తే సార్" అనుకున్నారు. అమ్మలిద్దరూ ఒకరి చీర ఒకరు మెచ్చుకున్నారు. అంతా సవ్యంగా మొదలైంది.

లోపల ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్న సమస్య రాకుండా నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. నాకు కుడివైపు మావాళ్లు, ఎడమవైపు వాళ్లు. పాప్‌కార్న్ డబ్బా కుడి చివర నుంచి "మీరు తీసుకోండి" అంటూ బయల్దేరి, ఎడమ చివరిదాకా వెళ్లి, "అయ్యో, ముందు మీరు" అంటూ తిరిగొచ్చింది. బయల్దేరినప్పుడు ఎంత ఉందో వచ్చినప్పుడూ అంతే ఉంది. మధ్యలో ఉన్నవాణ్ణి కనక దాని సంగతి నేను చూసుకున్నాను.

ఇక సినిమా. ఒక ఇంటి పెద్దాయన ఒకరోజు పొద్దున టిఫిన్ దగ్గర రాజీనామా ఇస్తాడు. ఉద్యోగానికి కాదు, తండ్రి పదవికి. నెల రోజులు నోటీసు పీరియడ్, ఆలోగా ఇంకొకరిని చూసుకోండి అంటాడు. పిల్లలు ప్రకటన ఇస్తారు. తండ్రి పోస్టుకు అభ్యర్థులు బయోడేటాలు పట్టుకుని ఇంటికొస్తారు. డైనింగ్ టేబుల్ దగ్గర ఇంటర్వ్యూలు. ప్యానెల్‌కు తల్లి అధ్యక్షురాలు. ఒకాయనకు టీవీ రిమోట్ ఇచ్చి ప్రాక్టికల్ పెడతారు. ఈ హడావిడిలో ఆ ఇంట్లో గిన్నెలు కడిగే నాథుడుండడు. సింకు నిండి, గిన్నెలు హాల్లోకి, హాల్లోంచి మెట్ల మీదికి వస్తాయి. చిట్టచివర అసలు తండ్రే శుభ్రంగా గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పోస్టుకు తనే దరఖాస్తు చేసుకుంటాడు. భార్య అతని బయోడేటా తిరగేసి, "సరే, మేము ఫోన్ చేస్తాం" అంటుంది. అతను బయట మెట్ల మీద గిన్నెల మధ్య ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. సినిమా అయిపోతుంది.

నాకు బ్రహ్మాండంగా నచ్చింది. కానీ నా రెండు వైపులా ఎవరూ సినిమా చూడటం లేదని కాసేపటికే అర్థమైంది. బాపు తెర మీదికి ఒకసారి, ఎడమవైపుకు ఒకసారి చూస్తున్నాడు. వాళ్లు నవ్వితే నవ్వుదామని. ఎడమవైపు నుంచి రైల్వే సార్ కుడివైపుకు చూస్తున్నాడు. అదే ఉద్దేశంతో. ఇద్దరి చూపులు నా ముక్కు ముందు కలిసినప్పుడల్లా ఇద్దరూ గబుక్కున నవ్వేవారు. దాంతో తెర మీద తల్లి ఏడుస్తున్నప్పుడు మా వరస మొత్తం నవ్వింది. వెనక వరసలో ఎవరో "వీళ్లకేమైంది" అన్నారు.

మొజంజాహీ మార్కెట్లో రాతి గోడ నీడన కుర్చీలు వేయించుకుని కూర్చున్నాం. సీతాఫలం ఐస్‌క్రీం వచ్చింది. ఇక అభిప్రాయాలు రావాలి.

"మంచి మెసేజ్ ఉన్నది సార్," అన్నాడు బాపు.

"ఔ సార్. కొత్తగున్నది," అన్నాడు రైల్వే సార్. "మస్తు కొత్తగున్నది."

"ఆ తల్లి పాత్ర..." అంది మా అమ్మ. కాసేపు వెతుక్కుంది. "ఉన్నది. మంచిగ ఉన్నది."

"పిల్లలు ఎంత సహజంగా చేశారండి!" అంది టీచరమ్మ. "మన ఇంట్లో పిల్లల్లాగే ఉన్నారండి."

బాపు స్పూను ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది. నేను చెల్లె వైపు చూశాను. చెల్లె ఆ అబ్బాయి వైపు చూసింది. ఇద్దరి మొహాల్లోనూ పరీక్ష పాసైన వెలుగు. అందరికీ నచ్చిందని అనుకున్నారు పాపం.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే బాపు తీర్పు చెప్పాడు.

"గీ సంబంధం వద్దు."

"ఏమైంది బాపూ?" అంది చెల్లె.

"ఏమైందంటవేంది? గా సినిమా ఏంది? తండ్రికి ఇంటర్వ్యూ ఏంది? రిమోట్ ఇచ్చి పరీక్ష పెడ్తరా? గది వాళ్లకు కొత్తగున్నదట! రేపు నన్ను గూడ కూసోబెట్టి బయోడేటా అడుగుతరు."

అమ్మ ఇంకో గదిలోంచి మాట్లాడింది. "ఇల్లంత అంట్లు. మెట్ల మీద అంట్లు. దాన్ని జూసి ఆమె ఏమన్నది? మన ఇంట్ల లెక్కనే ఉన్నదన్నది. వాళ్లిల్లు గట్ల ఉంటదా? గా ఇంట్ల నా బిడ్డ ఏమైతది?"

"గిన్నెల గురించి కాదమ్మా, పిల్లల గురించి అన్నది ఆమె," అన్నాను.

"పిల్లలు మటుకు మంచిగున్నరా? తండ్రిని పేరు వెట్టి పిలిచిన్రు!"

రాత్రి వంటింట్లో చెల్లెకు ఆ అబ్బాయి ఫోన్ వచ్చింది. చెల్లె మాట్లాడి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అక్కడ కూడ గంతే అన్నా. సర్వీసు రూల్స్ తెల్వని సినిమా అని వాళ్ల డాడీకి కోపం. మన బాపు మెసేజ్ ఉన్నదన్నడు గద, తండ్రి రాజీనామాల ఏం మెసేజ్ దొరికిందో, గా మనిషిని నమ్మొద్దన్నడట. వాళ్ల అమ్మ అయితే, తల్లి పాత్ర మంచిగున్నదన్న ఆవిడ దగ్గర మన కోడలు ఏం నేర్చుకుని వస్తదో అన్నదట."

నాకు నవ్వొచ్చింది. చెల్లె మొహం చూసి మింగేశాను. సినిమా ఒక సాకు అని తనకూ తెలుసు. చర్చి అనో పూజగది అనో ఎవరైనా అనుంటే దానికి జవాబు సిద్ధం చేసుకుంది, ఎన్నాళ్ల నుంచో. సినిమాకు జవాబు సిద్ధం చేసుకోలేదు.

"నేను ఇంకొకన్ని చేసుకోనన్నా," అంది నెమ్మదిగా. "గట్లని వీళ్లను కాదని పోయి కూడ చేసుకోను. ఏదో ఒకటి నువ్వు జర చూడు."

ఏం చూడాలో నాకు తెలీదు. కానీ మర్నాడు షాపుకు బయల్దేరుతున్న బాపు దగ్గరికి తనే వెళ్లింది.

"బాపూ, వాళ్లకు గూడ ఆ సినిమా నచ్చలేదట."

బాపు చెప్పు ఒక కాలికి వేసుకుని ఆగాడు. "మరి నచ్చిందని ఎందుకు చెప్పిన్రు? అబద్ధాలాడెటోళ్లా?"

"నువ్వెందుకు చెప్పినవ్?"

"నాది మర్యాద."

"వాళ్లది?"

"వాళ్లది నాకెట్ల తెలుస్తది?" రెండో చెప్పు వేసుకుని వెళ్లిపోయాడు.

నిజం చెప్పేస్తే సరిపోతుంది కదా అని మీరనుకోవచ్చు. మీరు ఎక్కడివాళ్లో నాకు తెలీదు. మా వైపు అవతలివాళ్లు ఏరికోరి తీసుకెళ్లిన సినిమాను బాగాలేదనడం కంటే వాళ్ల సంబంధాన్ని వద్దనడం సులభం. సంబంధం కుదరకపోతే జాతకం మీదికో, దేవుడి చిత్తం మీదికో నెట్టెయ్యొచ్చు. సినిమా బాగాలేదంటే అది మనిషిని అన్నట్టే.

అయితే వద్దనడానికీ ఒక పద్ధతుంది. ఫోన్‌లో వద్దనడం తప్పు. మనిషిని చాయ్‌కి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, బిస్కెట్ తినిపించి వద్దనాలి. బాపు అందుకు ఫోన్ చేసేలోపు సికింద్రాబాద్ నుంచే ఫోన్ వచ్చింది. "ఒకసారి కూసొని మాట్లాడుకుందం సార్," అని. వాళ్లూ వద్దనడానికే పిలుస్తున్నారని చెల్లె ద్వారా నాకు తెలుసు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఇరానీ హోటల్ అనుకున్నారు. వాళ్ల రైలుకూ మా ఆటోకూ అనుకూలం.

మళ్లీ ఆదివారం, మళ్లీ ఏడుగురం. పాలరాయి పలక వేసిన రెండు టేబుళ్లు కలిపించుకున్నాం. చాయ్ వచ్చింది. ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ఫ్యాను తిరిగింది.

"చెప్పండి సార్," అన్నాడు బాపు.

"లేదు సార్, మీరే పెద్దోళ్లు. మీరు చెప్పుర్రి," అన్నాడు రైల్వే సార్.

"పిలిచింది మీరు గద సార్."

"మీరు గూడ పిలుద్దామనుకున్నరట గద సార్. మీ పాప చెప్పింది. మీ మాటనే ముందు."

వద్దనడానికి వచ్చిన ఇద్దరు మనుషులు ముందు నువ్వు వద్దను అంటే కాదు ముందు నువ్వు అని ఎంతసేపు అనుకోగలరో నాంపల్లిలో ఆ రోజు చూశాను. మా చాయ్‌ల మీద మీగడ కట్టింది. అమ్మలిద్దరూ బిస్కెట్లు బాగున్నాయని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరూ తినలేదు. చెల్లె తల దించుకుని టేబుల్ మీద నీళ్ల మరకను వేలితో చెరిపేస్తూ ఉంది. ఆ అబ్బాయి ఉప్పు సీసా మూత తీసి పెడుతున్నాడు, తీసి పెడుతున్నాడు. ఎవరో ఒకరు ఆ మాట అనేస్తే వాళ్లిద్దరి పని అయిపోయినట్టే.

నాకు మౌనం పడదు. ఏదో ఒకటి మాట్లాడాలి. వాతావరణం గురించి మాట్లాడి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

"ఆ రోజు సినిమా మాత్రం అద్భుతం," అన్నాను.

నేను సాగాను. అందరిలా మర్యాదకు కాదు, నిజంగానే అంటున్నాను. "ముఖ్యంగా ఆ రిమోట్ సీను. ఒక తండ్రి విలువ ఏమిటో రిమోట్‌తో చెప్పాడు చూడండి. మెట్ల మీద గిన్నెలు కూడా. ఎంత అందంగా పేర్చారో. నేను మళ్లీ చూద్దామనుకుంటున్నా."

టీచరమ్మ కప్పు సాసర్లో పెట్టింది. "బాబూ, ఏమనుకోకు. ఒక మాట అడుగుతాను. మర్యాదకి అంటున్నావా, నిజంగానే నచ్చిందా?"

"నిజంగానే ఆంటీ."

"నిజంగా?" హోంవర్కు ఇంట్లో మర్చిపోయానన్నవాణ్ణి అడిగే గొంతు అది.

"ఔ ఆంటీ."

ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది. ఆ చూపులో జాలి ఉంది. "కుర్రాడు, నచ్చింది, పోనీలెండి. మీక్కూడా ఎలా నచ్చిందండీ అది?"

"నాకేడ నచ్చిందమ్మా!" అంది మా అమ్మ. గొంతు ఎంత పెరిగిందంటే గల్లా మీద ఉన్న ముసలాయన తలెత్తాడు. "గా అంట్లు చూసి నాకు రెండు దినాలు అన్నం సయించలే! మీకు నచ్చింది గదాని ఊకున్న!"

"మాకా? మీరు ఏరికోరి ఎంచారని కదండీ మేం నోరు మూసుకుంది!"

"మేమా ఎంచింది?"

ఏడుగురిలో ఐదుగురం మిగతా ఇద్దరి వైపు తిరిగాం. ఆ ఇద్దరూ ఒకేసారి ఉప్పు సీసా వైపు చూశారు. కానీ వాళ్లను తిట్టే తీరిక ఎవరికీ లేదు. ఇన్నాళ్లు కడుపులో దాచుకున్న సినిమా బయటికొస్తోంది.

"రాజీనామా ఇస్తే అయిపాయెనా సార్?" అన్నాడు రైల్వే సార్, టేబుల్ మీద చెయ్యి ఆనించి. "యాక్సెప్ట్ చెయ్యాలె. రిలీవ్ చెయ్యాలె. అప్పటిదాంక డ్యూటీల ఉన్నట్టే. గా డైరెక్టర్ ఎన్నడన్న నౌకరి చేసిండా?"

"అగో, గదే నేననేది!" అన్నాడు బాపు. మొహం వెలిగిపోయింది. "తండ్రికి రిలీవింగ్ ఏడిది సార్?"

"పిల్లలు పేరు పెట్టి పిలవడమేంటండీ, చెవులు మెలెయ్యాలి!"

"రెండు చెవులు!" అంది మా అమ్మ.

తర్వాత నలుగురూ కలిసి నా మీద పడ్డారు. నా చదువు మీద, నేను చూసే సినిమాల మీద, నాకింకా పెళ్లి కాకపోవడం మీద. "మీ వాడు చిన్నప్పట్నుంచి గింతేనా?" అని రైల్వే సార్ అడిగితే "గింతే సార్, ఏం చేస్తం," అని బాపు ఒప్పుకున్నాడు. రెండు కుటుంబాలూ అంత ఐకమత్యంగా ఉండటం నేను చూడలేదు. చాయ్‌లు మళ్లీ చెప్పారు. బిస్కెట్లు ఒకటి తప్ప అన్నీ అయిపోయాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బాపు ఒక మాట వదిలాడు.

"ఏమన్నగాని సార్, లాస్టుకు ఆమె ఫోన్ చేస్తది. చెయ్యకుంట ఉండదు."

"చెయ్యదు," అన్నాడు రైల్వే సార్.

"ఎందుకు చెయ్యది?"

"మేము ఫోన్ చేస్తం అన్నోడు ఎన్నడన్న చేసిండా సార్? నేను గా మాట ఎంతమందికి చెప్పిన్నో నాకెర్క."

"కరెక్టే," అంది మా అమ్మ. బాపు అదిరిపడి చూశాడు. "చెయ్యొద్దు. ఇన్నేండ్లు చేసింది సాలు. జర కూసోనియ్యుర్రి ఆయనను మెట్ల మీద."

"అదేంటండీ!" టీచరమ్మ బాపు పక్షం చేరింది. "తప్పు ఒప్పుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడండీ పాపం. క్షమించొద్దూ?"

"గిన్నెలు కడిగి రానుండె!" అంది అమ్మ.

ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు అయిపోయారు. నేను మధ్యలో కూర్చున్నాను గానీ ఏది మధ్యో తెలీడం లేదు. బాపు లేచి నిలబడ్డాడు. రైల్వే సార్ కూర్చునే గట్టిగా మాట్లాడుతున్నాడు. పక్క టేబుల్ ఆయన సమోసా ఆపి వింటున్నాడు. సినిమా బాగానే ఉన్నట్టుంది, చూడాలి అనుకున్నట్టున్నాడు.

"ఆమె ఫోన్ చెయ్యనే చెయ్యది, నాకు తెలుసు!" అన్నాడు రైల్వే సార్.

"నీకేం తెల్సు బావా!" అన్నాడు బాపు. "పెండ్లాం పిల్లలను ఇడిసి మెట్ల మీద కూసున్నోని బాధ నీకేం తెల్సు?"

అన్నాక, తను అన్నది తనకే వినిపించింది. బాపు నోరు కొంచెం తెరిచి అట్లాగే నిలబడ్డాడు. మా వైపు ఆ మాట ఊరికే అనరు. అనేదాకా ఎన్ని ఆదివారాలైనా "సార్" అనే అనుకుంటారు. అన్నాక వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. చెల్లె బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి అలాగే పట్టుకుంది. అది నాని, విరిగి, కప్పులో పడిపోయింది. తను చూసుకోలేదు.

రైల్వే సార్ కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ముందు నువ్వు కూసో బావా," అన్నాడు. "కూసొని నేను చెప్పేది ఇను. నీకు ఇంటర్వ్యూల సంగతి తెల్వది."

బాపు కూర్చున్నాడు. వినలేదు, కానీ కూర్చున్నాడు. మళ్లీ మొదలుపెట్టారు. వద్దనడానికి వచ్చామన్న సంగతి ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. లేదా వచ్చినా, బావను పట్టుకుని వద్దనడం ఎలాగో తెలిసి ఉండదు. ఆ అబ్బాయి లేచి వెళ్లి గల్లా దగ్గర నిలబడి, ఇంకో ప్లేటు బిస్కెట్లు చెప్పి, అక్కడే కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో గన్‌ఫౌండ్రీ దాటుతుంటే బాపు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ఆమె ఫోన్ చేస్తుందని. చెల్లె బయటికి చూస్తోంది. మొహం నాకు కనపడలేదు. నేను అమ్మను అడిగాను, హోటల్ బయట అబ్బాయి వాళ్లమ్మతో అంతసేపు ఏం మాట్లాడావని.

"ఏమున్నది," అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ. "పెండ్లి చర్చిల చెయ్యాలెనా, మనోళ్ల లెక్క చెయ్యాలెనా అంటే, ఈ దినం గొంతు పోయింది, వచ్చే ఐతారం ఇంటికే వచ్చి కొట్లాడుకుందమన్నది వదిన."